సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు: సెకనులో పదో వంతు

కొన్నేళ్ల కిందట మేము కారులో బంధువుల పెళ్లికి వెళుతున్నాం. వెనక సీట్లో నా పక్కన నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఉంది. దారిలో ఒక ఊరి దగ్గర గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు ఆగింది కాని క్యారియరు ఆగలేదు. ముందు సీట్ల మధ్య సందులోంచి దూసుకుపోయి ఎదుటి పలకను కొట్టుకుంది. గేదెకూ మాకూ ఏమీ కాలేదు గాని, కారు నిండా పులిహోర. దాన్ని ఏరుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఆ క్యారియరుకూ, దాని పక్కన బెల్టు పెట్టుకోకుండా కూర్చున్న నాకూ భౌతికశాస్త్రం దృష్టిలో తేడా ఏమీ లేదు. బ్రేకు కొంచెం నెమ్మదిగా పట్టింది కాబట్టి నేను ముందు సీటు పట్టుకుని నిలదొక్కుకున్నాను. అడ్డం వచ్చింది గేదె కాక ఆగి ఉన్న లారీ అయితే, నేనూ క్యారియరు వెనకే వెళ్లేవాణ్ని. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు న్యూటన్ నియమాలు చెబుతున్న మనిషిని!

జడత్వం గురించి మీరు చదువుకునే ఉంటారు. బస్సు ఆగినప్పుడు ప్రయాణికులు ముందుకు తూలతారని పాఠ్యపుస్తకంలో ఉంటుంది. నిజానికి వారిని ముందుకు తోసే బలమేదీ లేదు. బస్సు వేగం తగ్గింది. వారి శరీరం మాత్రం అంతకుముందున్న వేగంతోనే పోతోంది, అంతే. కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు జరిగేదీ ఇదే. కారును గోడ ఆపుతుంది. మరి మిమ్మల్ని ఆపేదేది? ఏదో ఒకటి ఆపక తప్పదు. అది స్టీరింగు కావచ్చు, గాజు కావచ్చు, బెల్టు కావచ్చు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఆ తేడా గురించే.

ముందు వేగం అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. ఊరి మధ్యలో కూడా చాలామంది ఈ వేగంతో నడుపుతారు. అంటే సెకనుకు 15 మీటర్లు. ఒక వస్తువును ఎంత ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పటికి దానికి ఈ వేగం వస్తుంది? లెక్క వేస్తే పదకొండున్నర మీటర్లు వస్తుంది. ఇంచుమించు నాలుగంతస్తుల మేడ ఎత్తు. బెల్టు లేకుండా ఆ వేగంతో పోయే కారులో కూర్చోవడం, పిట్టగోడ లేని ఆ మేడ అంచున కూర్చోవడం లాంటిదే. మేడ మీద భయం వేస్తుంది, కారులో వేయదు. కింద నేల కనబడదు కదా!

అయితే వేగం దానంతట అది ఎవరికీ హాని చేయదు. విమానంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతూ కాఫీ తాగుతాం. హాని చేసేది ఆగడం, అదీ ఎంత తక్కువ దూరంలో ఆగుతామన్నది. మీ బరువు 60 కిలోలనుకుందాం. సెకనుకు 15 మీటర్ల వేగం వద్ద మీ శరీరంలోని గతిజ శక్తి 6,750 జౌళ్లు. మీరు ఆగేలోగా ఈ శక్తి అంతా ఖర్చు కావాలి. బలాన్ని దూరంతో గుణిస్తే పని వస్తుంది కాబట్టి, దూరం ఎంత తగ్గితే బలం అంత పెరుగుతుంది.

బెల్టు లేని మనిషి ఛాతీ స్టీరింగుకు కొట్టుకుని 5 సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకోండి. 6,750ని 0.05తో భాగించండి. సగటు బలం 1,35,000 న్యూటన్లు. మీ బరువుకు 230 రెట్లు. ఇదంతా సెకనులో వెయ్యింట ఏడు వంతుల్లో అయిపోతుంది. పక్కటెముకలు తట్టుకోలేవు.

ఇప్పుడు అదే మనిషి బెల్టుతో సీటుకు కట్టుబడి ఉన్నాడనుకుందాం. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం 60 సెంటీమీటర్ల మేర నలిగింది. బెల్టు ఇంకో 15 సెంటీమీటర్లు సాగి లొంగింది. మొత్తం 75 సెంటీమీటర్లు. భాగించి చూడండి: 9,000 న్యూటన్లు. మీ బరువుకు దాదాపు 15 రెట్లు. పట్టిన కాలం సెకనులో పదో వంతు. అదే వేగం, అదే మనిషి, అదే గోడ. బలం మాత్రం పదిహేనో వంతుకు తగ్గింది. ఇవి సగటు లెక్కలే సుమా, నిజమైన ప్రమాదంలో బలం క్షణక్షణానికీ మారుతుంది. అయినా అసలు విషయం ఈ లెక్కలోనే ఉంది.

మామిడితోటలో కాయలు దించడం చూశారా? చెట్టు మీది మనిషి కాయలు కోసి వదులుతుంటే, కింద ఇద్దరు గోనెపట్టాను చెరో వైపు పట్టుకుని నిలబడతారు. అదే కాయ నేల మీద పడితే పగులుతుంది, పట్టాలో పడితే పగలదు. పట్టా కాయతో పాటు కొంచెం కిందికి దిగుతుంది. పట్టాను బిర్రుగా లాగి పట్టుకుంటే కాయ ఎగిరి అవతల పడుతుంది, మరీ వదులుగా పట్టుకుంటే నేలకు తగులుతుంది. ఎంత లొంగాలో ఆ మనుషుల చేతులకు తెలుసు. కారులో ఆ చేతుల పని చేసేందుకే ఇంజనీర్లు యాభై అరవై ఏళ్లు కష్టపడ్డారు.

శరీరం బరువుకు 15 రెట్ల బలాన్ని మనిషి తట్టుకోగలడా అని మీకు సందేహం రావచ్చు. సరిగ్గా కట్టి ఉంచితే అంతకన్నా ఎక్కువే తట్టుకుంటాడు. దీన్ని తన ఒంటి మీదే పరీక్షించి చూసినవాడు అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలో ఆయన పట్టాల మీద నడిచే రాకెట్ బండిలో పట్టీలతో బిగించి కట్టించుకుని కూర్చున్నారు. బండి గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటి, 1.4 సెకన్లలో ఆగిపోయింది. ఒక దశలో ఆయన మీద పడిన బలం శరీరం బరువుకు 46 రెట్లు. కళ్లలో రక్తం కమ్మి కొంతసేపు చూపు పోయింది, తిరిగి వచ్చింది. ఆ తరువాత ఆయన కార్లలో బెల్టులు పెట్టాలని ఏళ్ల తరబడి ప్రచారం చేసి, 89వ ఏట 1999లో కన్నుమూశారు.

బలం ఎంత అన్నదే కాదు, ఎక్కడ పడుతోంది అన్నదీ ముఖ్యమే. పుస్తకాల సంచిని సన్నటి తాడుతో వేలికి తగిలించుకుంటే వేలు కోసుకుపోతుంది. అదే సంచిని వెడల్పాటి పట్టీతో భుజానికి వేసుకుంటే ఇబ్బంది ఉండదు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం. సీటు బెల్టు వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు. అది బలాన్ని శరీరంలో గట్టిగా ఉండే చోట్ల మీద పరుస్తుంది: కటి ఎముకలు, ఛాతీ ఎముక, భుజం దగ్గరి జత్రుక. తొలినాటి బెల్టులు నడుము చుట్టూ మాత్రమే ఉండేవి. వాటితో ఒళ్లు మధ్యకు మడత పడి తల ముందుకు కొట్టుకునేది. పొట్టలోని అవయవాలు దెబ్బతినేవి. స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్ దీనికి పరిష్కారం కనిపెట్టాడు. ఆయన అంతకుముందు యుద్ధవిమానాల్లో పైలట్లను పైకి విసిరే సీట్లు తయారుచేసినవాడు. నడుము మీదుగా ఒకటి, ఛాతీకి అడ్డంగా ఒకటి, రెండూ తుంటి పక్కన ఒకేచోట కలిసేలా, ఒక చేత్తో పెట్టుకోగలిగేలా మూడు బిందువుల బెల్టును రూపొందించాడు. 1959లో వోల్వో కార్లలో అది వచ్చింది. పేటెంటు తమదే అయినా మిగతా కంపెనీలన్నీ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. ఇవాళ మీ ఇంటి కారులో ఉన్నది ఆ బెల్టే.

ఆగి ఉన్న కారులో ఒక ప్రయోగం చేయండి. బెల్టును మెల్లగా లాగండి, వస్తుంది. ఒక్కసారిగా గుంజండి, పట్టేస్తుంది. బెల్టు ఒక చక్రానికి చుట్టి ఉంటుంది. చక్రం వేగంగా తిరిగితే దానికున్న చిన్న మీట బయటికి విసురుకుని పళ్లలో ఇరుక్కుంటుంది. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. చిన్న గుంటలో ఒక ఉక్కు గుండు ఉంటుంది. కారు హఠాత్తుగా ఆగితే గుండు జడత్వం వల్ల గుంట అంచు ఎక్కి మీటను లేపుతుంది, చక్రం బిగుసుకుంటుంది. మిమ్మల్ని ప్రమాదంలోకి తోసే జడత్వమే తాళం కూడా వేస్తోందన్నమాట.

కొత్త కార్లలో ఇంకో రెండు పనులు జరుగుతాయి. గుద్దుకున్న మొదటి క్షణంలోనే చిన్న మందుగుండు పేలి, బెల్టులోని వదులును లాగేస్తుంది. వదులు ఎందుకు చెడ్డది? ఆ కొద్ది సెంటీమీటర్లూ మిమ్మల్ని ఎవరూ ఆపడం లేదు. కారు ఆగుతోంది, మీరు ఆగడం లేదు. ఆగడానికి దొరికిన కొద్దిపాటి దూరంలో కొంత వృథా అవుతోంది. ఆ తరువాత ఛాతీ మీద బలం మరీ పెరిగితే, చక్రం మధ్యలోని ఉక్కు కడ్డీ మెలితిరుగుతూ బెల్టును కొంచెం కొంచెంగా వదులుతుంది. ముందు బిగించడం, తరువాత లొంగడం. గోనెపట్టా పట్టుకున్నవారి చేతులు చేసేదీ ఇదే.

బెల్టు పెట్టుకునే తీరు కూడా చూసుకోండి. కింది పట్టీ పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట కటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులు కడుపు కిందుగా పెట్టుకోవాలి. పై పట్టీ మెడకు రాసుకోకుండా భుజం మధ్య నుంచి రావాలి. కొందరు దాన్ని చంక కిందికి తోసేస్తారు. అప్పుడు బలమంతా కింది పక్కటెముకల మీద పడుతుంది. వాటి వెనకే కాలేయం, ప్లీహం ఉంటాయి.

మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని అమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది. "గట్టిగా పట్టుకుంటానులే" అంటుంది. ఆమె ప్రేమను శంకించనక్కర్లేదు, లెక్క మాత్రం చూడండి. పాప బరువు 10 కిలోలు. ఇందాక చెప్పిన ప్రమాదంలో 15 రెట్లయితే 150 కిలోలు. అంటే రెండు ధాన్యం బస్తాలు ఒక్కసారిగా చేతుల్లోంచి ముందుకు లాగుతున్నట్టు. ఎవరి చేతులూ పట్టుకోలేవు. పైగా తల్లికి బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా పాప మీదే పడుతుంది. పిల్లలకు వారి వయసుకు, ఎత్తుకు తగిన ప్రత్యేక సీటును వెనక సీట్లో బిగించడం తప్ప వేరే దారి లేదు.

వెనక సీటు సురక్షితం కాబట్టి బెల్టు అక్కర్లేదనుకునేవారు మనలో చాలామంది. క్యారియరు పక్కన కూర్చున్న నేనూ అలా అనుకున్నవాణ్నే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో, సూర్యా నది వంతెన దగ్గర ఒక ఖరీదైన కారు అడ్డుగోడను గుద్దుకుంది. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ సహా వెనక సీట్లో కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. ముందు సీట్లలోని ఇద్దరూ తీవ్ర గాయాలతో బతికారు. వెనకవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనకనున్న మనిషి ముందు సీటును గుద్దితే, బెల్టు పెట్టుకున్న ముందు మనిషికి కూడా ముప్పే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక చెబుతోంది. వారిలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. ఇందులో డ్రైవర్లెందరో, ప్రయాణికులూ ఇంచుమించు అందరే.

సరే, బెల్టు ఛాతీని ఆపుతుంది. మరి తలను ఆపేదేది? తల బరువు సుమారు 5 కిలోలు. పదిహేను రెట్లయితే 75 కిలోలు, ఒక ధాన్యం బస్తా. ఆ బస్తాను మెడ ఒక్కటే లాగి పట్టుకోవాలి. తల ఊగి స్టీరింగుకు తగలవచ్చు కూడా. పుర్రె పగలకపోయినా, లోపల మెదడు కదిలి పుర్రె గోడకు కొట్టుకుంటుంది. అందుకే ప్రమాదంలో ఢీకొట్టడాలు మూడు అంటారు: కారు గోడను, మనిషి కారును, మనిషి లోపలి అవయవాలు అతని ఎముకలను. రెండో దాన్నీ మూడో దాన్నీ మెత్తబరచడానికే ఎయిర్‌బ్యాగు వచ్చింది.

దాని వెనక కథ ఒకటుంది. 1952లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీరు భార్యను, కూతురిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వెళుతూ, అడ్డంకిని తప్పించబోయి కారును గుంటలోకి దింపాడు. ఆ క్షణంలో అతనూ భార్యా ఇద్దరూ కూతురికి తల తగలకుండా చేతులు అడ్డం పెట్టారు. ఆ చేతులకు బదులు ఏదైనా ఉబికి వస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. కాని ఆయన ఊహించిన బిగించిన గాలి అంత త్వరగా సంచిని నింపలేదు. ప్రమాదాన్ని నమ్మకంగా గుర్తించే సాధనం కూడా అప్పటికి లేదు. అవి రెండూ కుదిరి, కార్లలో విరివిగా రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ప్రమాదాన్ని కారు ఎలా గుర్తిస్తుంది? మీ సెల్‌ఫోనును అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా. అందులో త్వరణాన్ని కొలిచే చిన్న సిలికాన్ పరికరం ఉంటుంది. అలాంటిదే కారులోనూ ఉంది. ఎంత గట్టిగా బ్రేకు వేసినా రుణత్వరణం గురుత్వ త్వరణాన్ని పెద్దగా మించదు. గోడను గుద్దితే దానికి పదుల రెట్లు ఉంటుంది. గట్టి గోడను గంటకు సుమారు 15 నుంచి 25 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత దెబ్బ తగిలితేనే సంచి తెరుచుకుంటుంది. అందుకే మన రోడ్ల గుంటల్లో పడినప్పుడల్లా అది తెరుచుకోదు.

ఇప్పుడు సెకనులో ఆ పదో వంతును వెయ్యింట వంతులుగా చూద్దాం. గుద్దిన పదిహేను, ఇరవై వంతులలోపు పరికరం నిర్ణయం తీసుకుంటుంది. విద్యుత్తు పోయి ఇంధన బిళ్లలను అంటిస్తుంది. యాభయ్యో వంతుకు సంచి నిండిపోతుంది. సరిగ్గా అప్పుడు మీ తల వచ్చి ఆనుతుంది. వందో వంతుకు అంతా ముగుస్తుంది. మీరు రెప్ప వేయడానికి ఇంతకన్నా ఎక్కువ సేపే పడుతుంది.

ఇంత వేగంగా వాయువు ఎక్కడి నుంచి వస్తుంది? చాలాకాలం వాడినది సోడియం ఎజైడ్ అనే ఘనపదార్థం. సుమారు 300 డిగ్రీల వేడికి అది విచ్ఛిన్నమై సోడియంగా, నత్రజని వాయువుగా మారుతుంది. రెండు మోల్‌ల ఎజైడ్‌కు మూడు మోల్‌ల నత్రజని. డ్రైవరు ముందుండే సంచి 60 లీటర్లనుకుంటే ఎన్ని గ్రాముల ఎజైడ్ కావాలో మీరే లెక్కించండి. గది ఉష్ణోగ్రత దగ్గర నూరు గ్రాముల పైచిలుకు వస్తుంది. ఒక గుప్పెడు పొడి! సోడియం ప్రమాదకరం కాబట్టి పొటాషియం నైట్రేటు, సిలికా కలిపి దాన్ని హానిలేని గాజు వంటి పదార్థంగా మార్చేవారు. ఎజైడ్ విషపదార్థం కావడంతో తరువాత గ్వానిడీన్ నైట్రేటు వంటివి వచ్చాయి. జపాన్‌కు చెందిన తకాతా కంపెనీ అమ్మోనియం నైట్రేటును ఎంచుకుంది. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురైతే అది కావలసిన దానికన్నా వేగంగా మండి, లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషులకు తగిలాయి. ప్రాణాలు పోయాయి. కోట్ల కొద్దీ కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది.

నిండిన సంచి బిగుతుగా ఉండిపోతే మన మామిడికాయ మాదిరిగానే తల ఎగిరి వెనక్కి పడుతుంది. అందుకే సంచికి వెనక రంధ్రాలుంటాయి. తల ఆనగానే వాయువు వాటిలోంచి పోతూ సంచి అణుగుతుంది. కారులో తెల్లటి పొడి కమ్ముకుంటే మంట అనుకుని కంగారు పడకండి. సంచి మడతలు అతుక్కోకుండా కొన్నిటిలో చల్లే పొడి అది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. స్టీరింగు మధ్యలో ఎస్.ఆర్.ఎస్. అని మూడు అక్షరాలు చూసే ఉంటారు. మొదటి అక్షరానికి అర్థం "అదనంగా తోడ్పడేది" అని. దేనికి అదనం? బెల్టుకు. సంచి గంటకు 200, 300 కిలోమీటర్ల వేగంతో బయటికి వస్తుంది. బెల్టు లేని మనిషి, ముందు వేసిన బ్రేకుకే సగం ముందుకు జారి ఉంటాడు. సంచి నిండాక దాని మీద వాలాల్సిన వాడు, నిండుతున్న సంచికి ఎదురు వెళతాడు. అది మెత్తటి దిండు కాదు, పిడిగుద్దు. అందుకే డ్రైవరు ఛాతీకీ స్టీరింగుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. వెనకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనాలో ముందు సీటువారి మరణావకాశాన్ని బెల్టు 45 శాతం తగ్గిస్తుంది. బెల్టు లేకుండా ముందు ఎయిర్‌బ్యాగు ఒక్కటే ఉంటే తగ్గేది 14 శాతం. ఖరీదైనది సంచి, ఎక్కువ పనిచేసేది పట్టీ!

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటుకు కూడా పెట్టాలన్నారు. ఇంత చేస్తే మనం ఏం చేశాం? బెల్టు పెట్టుకోమని కారు కూత పెడుతుంటే, దాని నోరు మూయించడానికి ఖాళీ కొక్కేలు కొని దూర్చాం. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లలో వాటి అమ్మకం ఆపించవలసి వచ్చింది. ఇంకొందరు కారు ముందు ఇనుప గొట్టాల కాపలా కట్టిస్తారు. నలగడానికి తయారుచేసిన భాగాన్ని అది నలగనీయదు. అంటే ఇందాకటి 60 సెంటీమీటర్లను డబ్బిచ్చి మరీ పోగొట్టుకోవడం. సంచి తెరుచుకునే వేళ కూడా తప్పవచ్చు. 2017 డిసెంబరులో కేంద్రం వీటిని తీయించమని రాష్ట్రాలకు చెప్పింది.

పాత కారు కొంటుంటే మీ ఇంట్లో వారికి ఒక చిన్న పరీక్ష చెప్పండి. తెరుచుకున్న సంచి రెండోసారి పనికిరాదు. ఒక పెద్ద ప్రమాదంలో బలాన్ని మోసిన బెల్టు సాగి ఉంటుంది, దాన్నీ మార్చాలి. బాగుచేసి అమ్మేవారందరూ మారుస్తారన్న నమ్మకం లేదు. తాళం చెవి తిప్పగానే ఎదుటి పలకలో, కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్న బొమ్మ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే సంచి ఏర్పాటులో లోపం ఉంది. అసలు వెలగకపోతే ఎవరో ఆ దీపాన్నే పీకేశారేమో, మెకానిక్ చేత స్టీరింగు విప్పించి చూడండి.